కొటేషన్ నుంచి ఇన్‌వాయిస్ వరకు: టాలీలో పత్రాల రకం మార్చే పద్ధతి, దాని హద్దులు

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెప్పి, ఆ తరువాత సమాధానానికి వస్తాను. మీది విజయవాడలో సిమెంటు, టైల్స్, శానిటరీ సామాను టోకున అమ్మే భాగస్వామ్య సంస్థ. ఏడాది టర్నోవరు 5 కోట్ల రూపాయలు దాటింది. లెక్కలు టాలీ ప్రైమ్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రాస్తున్నారు. పార్టీకి మొదట కొటేషన్ ఇస్తారు, అది ఒప్పుకుంటే ఆర్డరు, లోడు వెళ్ళేటప్పుడు సరుకుతో పంపే చలాన్, చివరికి బిల్లు. మీ అకౌంటెంట్ ఒక దశ నుంచి తరువాతి దశకు వెళ్ళేటప్పుడు పాత వోచర్‌నే (టాలీలో ఒక్కొక్క ఎంట్రీని వోచర్ అంటారు) తెరిచి, దాని రకం మార్చి, సేవ్ చేస్తున్నారు. కొన్నిసార్లు మాత్రం తీరిక దొరికినప్పుడు కొత్త బిల్లు విడిగా వేస్తున్నారు. ఫలితంగా గోడౌన్‌లో ఉన్న బస్తాలకూ కంప్యూటర్‌లో కనిపించే నిల్వకూ పొంతన లేదు, బిల్లు నంబర్లలో మధ్యమధ్య ఖాళీలు వచ్చాయి, పాత కొటేషన్ నుంచి తయారైన ఒక సిమెంటు బిల్లులో 18 శాతానికి బదులు 28 శాతం పన్ను పడింది. ఒక్క బటన్ నొక్కితే పత్రం మారిపోయే వేరే సాఫ్ట్‌వేర్‌కు మారితే ఈ ఇబ్బందులు పోతాయా అని అడిగారు.

పోవు. సాఫ్ట్‌వేర్ ఏదైనా మీ అకౌంటెంట్ చేస్తున్న పని ఇదే అయితే ఇవే చిక్కులు మరో రూపంలో వస్తాయి. ఎందుకంటే ‘కన్వర్ట్’ అన్నప్పుడు జరగవలసింది ఒక కాగితం ఇంకో కాగితంగా మారిపోవడం కాదు, మొదటి కాగితాన్ని ఆధారం చేసుకుని రెండో కాగితం పుట్టడం. లగ్నపత్రిక మీది అక్షరాలు చెరిపి దానిమీదే పెళ్ళి రిజిస్ట్రేషన్ రాయించుకునేవారు ఎవరూ ఉండరు కదా. రెండూ ఉండాలి, రెండో దానిలో మొదటి దాని వివరాలు సరిపోలాలి. మీకు వచ్చిన మూడు చిక్కులూ ఈ ఒక్క విషయం దగ్గర నుంచి మొదలైనవే.

టాలీలో ఒక్కొక్క వోచర్ దేన్ని కదిలిస్తుందో మీ అకౌంటెంట్‌కు స్పష్టంగా తెలియాలి. సేల్స్ ఆర్డర్ నిల్వనూ ముట్టదు, ఖాతానూ ముట్టదు. అది కేవలం మాట. డెలివరీ నోట్, అంటే చలాన్, నిల్వను తగ్గిస్తుంది కానీ పార్టీ ఖాతాలో బాకీ రాయదు. సేల్స్ వోచర్, అంటే ఇన్‌వాయిస్, మామూలుగా రెండింటినీ కదిలిస్తుంది. అయితే దానిలో డెలివరీ నోట్ ట్రాకింగ్ నంబరు (ఆ బిల్లు ఏ డెలివరీ నోట్‌కు చెందిందో చూపే నంబరు) ఎంచుకున్నప్పుడు మాత్రం, నిల్వ ఇంతకు ముందే తగ్గింది కాబట్టి, ఖాతాను మాత్రమే కదిలిస్తుంది. ఈ చివరి వాక్యంలోనే మీ నిల్వ తేడా రహస్యం ఉంది. 100 బస్తాల లోడుకు డెలివరీ నోట్ వేసి, ఆ తరువాత బిల్లు వేసేటప్పుడు ట్రాకింగ్ నంబరు దగ్గర ‘నాట్ అప్లికబుల్’ అని వదిలేస్తే, టాలీ దృష్టిలో అవి రెండు వేర్వేరు అమ్మకాలు. లారీలో వెళ్ళినవి 100 బస్తాలే, పుస్తకంలో తగ్గినవి 200. ఇలాంటివి ఎన్ని ఉన్నాయో చూడడానికి ‘సేల్స్ బిల్స్ పెండింగ్’ అనే నివేదిక తెరవండి. సరుకు వెళ్ళింది, బిల్లు వేయలేదు అన్న భాగంలో కనిపించే ప్రతి డెలివరీ నోట్‌కూ నిజంగా బిల్లు పడిందో లేదో పార్టీ ఖాతాతో సరిచూస్తే, జతపడని బిల్లులన్నీ బయటపడతాయి.

చాలా చోట్ల ఈ తేడాను ఏడాది చివర ఫిజికల్ స్టాక్ వోచర్ (గోడౌన్‌లో లెక్కపెట్టిన నిల్వను పుస్తకంలోకి ఎక్కించే ఎంట్రీ) వేసి సరిపెట్టేస్తారు. నేను దాన్ని ఇష్టపడను. గోడౌన్ లెక్కకూ కంప్యూటర్ లెక్కకూ తేడా వచ్చిన కారణాన్ని అది చెరిపేస్తుంది. నిజంగా బస్తాలు పోయినా, గడ్డకట్టి పాడైనా, జత చేయని చలాన్ వల్ల తేడా వచ్చినా అన్నీ ఒకే వోచర్ కిందకు వెళ్ళిపోతాయి. సరుకు, పరిమాణం, ధర, పన్ను ఏదీ ముట్టకుండా, ఆ బిల్లులో ట్రాకింగ్ నంబరు ఒక్కటే ఎంచుకుని సేవ్ చేయడం సరైన పరిష్కారం. ఆ తరువాత మిగిలిన తేడా ఏదైనా ఉంటే అది నిజమైన తేడా. దానికి అప్పుడు ఫిజికల్ స్టాక్ వోచర్ వేయవచ్చు.

ఇక వోచర్ తెరిచి రకం మార్చే అలవాటు సంగతి. 500 బస్తాల ఆర్డరు ఉందనుకోండి, మొదటి విడతగా 200 బస్తాలు వెళ్ళాయి. మీ అకౌంటెంట్ ఆర్డర్ వోచర్‌ను తెరిచి, దాన్ని సేల్స్‌గా మార్చి, పరిమాణాన్ని 200 చేసి సేవ్ చేస్తే బిల్లు సక్రమంగానే వస్తుంది, ప్రింటు కూడా చక్కగానే ఉంటుంది. కానీ మిగతా 300 బస్తాల ఆర్డరు పుస్తకాల్లో ఎక్కడా లేదు. ఎంతకు ఒప్పుకున్నారో, ఎప్పుడు ఒప్పుకున్నారో, ఏ సైటుకో చూపే కాగితం లేదు. కాంట్రాక్టర్ రెండు నెలల తరువాత వచ్చి పాత ధరకే మిగతా లోడు పంపమంటే మీ దగ్గర జవాబు ఉండదు. అదే చలాన్‌ను బిల్లుగా మార్చేస్తే పరిస్థితి ఇంకా ఇబ్బందికరం. ఈ-వేబిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) ఆ చలాన్ నంబరు మీద తీసి ఉంటుంది, పుస్తకాల్లో మాత్రం ఆ నంబరు గల చలాన్ ఉండదు. 

సరైన వరుస ఇలా ఉంటుంది. కొటేషన్ కోసం సేల్స్ ఆర్డర్ కింద విడిగా ఒక వోచర్ రకాన్ని సృష్టించి, అది ఎప్పుడూ ఆప్షనల్‌గా (లెక్కల్లోకి రాని ఎంట్రీగా) ఉండేటట్లు అమర్చుకోండి. అప్పుడు అది పెండింగ్ ఆర్డర్ల జాబితాలో కలవదు. పార్టీ ఒప్పుకున్నప్పుడు ఆ కొటేషన్‌ను మార్చకుండా, డే బుక్‌లో (రోజువారీ ఎంట్రీల జాబితాలో) దానిమీద నిలబడి ఆల్ట్+2 నొక్కితే నకలు వస్తుంది; ఆ నకలులో రకాన్ని అసలు సేల్స్ ఆర్డర్‌గా ఎంచుకుని, ఆర్డర్ నంబరు, తేదీ, గడువు సరిచేసి సేవ్ చేయండి. కొటేషన్ నంబరును రిఫరెన్స్ గడిలో రాయడం మరచిపోవద్దు, ఎందుకంటే టాలీలో కొటేషన్‌కూ ఆర్డరుకూ దానంతట అదే ముడి పడదు. ఆర్డర్ నుంచి మాత్రం ముడి ఉంది. డెలివరీ నోట్ గానీ బిల్లు గానీ కొత్తగా తెరిచి, పార్టీ పేరు ఇచ్చాక, ఆర్డర్ వివరాల దగ్గర ఆ నంబరును ఎంచుకుంటే సరుకు, ధర, ఇంకా పంపవలసిన పరిమాణం వాటంతట అవే వస్తాయి. 200 బస్తాలు పంపితే 300 మిగిలినట్లు ‘సేల్స్ ఆర్డర్ అవుట్‌స్టాండింగ్’లో కనిపిస్తూనే ఉంటుంది. పార్టీ మిగతావి వద్దంటే ఆర్డర్‌ను తుడిచేయకుండా ప్రీ-క్లోజ్ చేయండి. ఎంత ఆర్డరు వచ్చింది, ఎంత నెరవేరింది, ఎంత ఆగిపోయింది అన్న చరిత్ర అప్పుడు మిగులుతుంది. డెలివరీ నోట్ వేసి ఉంటే బిల్లులో ట్రాకింగ్ నంబరు తప్పనిసరి. డెలివరీ నోట్ లేకుండా ఆర్డర్ నుంచి నేరుగా బిల్లు వేస్తే దాని అవసరం లేదు, నిల్వను బిల్లే తగ్గిస్తుంది.

ఇక్కడ మీరు అడగని ఒక విషయం చెప్పక తప్పదు, మీ చిక్కుల్లో అన్నింటికంటే బరువైనది ఇదే అని నా అభిప్రాయం. వారమంతా చలాన్ల మీద లోడులు పంపి, శనివారం వాటన్నింటినీ కలిపి ఒక బిల్లుగా మారుస్తామని మీ ప్రశ్నలో ఒక వాక్యం ఉంది. టాలీ దీన్ని ఒప్పుకుంటుంది, ఒకే బిల్లులో అనేక ట్రాకింగ్ నంబర్లు ఎంచుకోవచ్చు. మిగతా సాఫ్ట్‌వేర్లు కూడా దీనికి చక్కటి బటన్ ఇస్తాయి. కానీ సాఫ్ట్‌వేర్ ఒప్పుకున్నదల్లా చట్టం ఒప్పుకోదు. సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ) చట్టం సెక్షన్ 31 ప్రకారం అమ్మిన సరుకు కదిలేటట్లయితే, అది కదిలే సమయానికి గానీ అంతకు ముందు గానీ పన్ను ఇన్‌వాయిస్ వేయాలి. చలాన్ మీద సరుకు పంపడానికి సీజీఎస్టీ నియమాల్లోని రూల్ 55 కొన్ని సందర్భాలనే చెబుతుంది: బయలుదేరేటప్పుడు పరిమాణం తెలియని ద్రవ వాయువు, జాబ్ వర్క్ (వేరేవారి చేత పని చేయించుకోవడం) కోసం పంపే సరుకు, అమ్మకం కాని ఇతర కారణాల మీద కదిలే సరుకు వంటివి. అమ్మకం కోసమే వెళుతున్నా కదిలే సమయానికి ఇన్‌వాయిస్ వేయడం సాధ్యం కాని పరిస్థితికి కూడా ఆ నియమంలో చోటు ఉంది, అప్పుడు సరుకు అందిన తరువాత ఇన్‌వాయిస్ వేయాలి. కానీ పార్టీ తెలిసినది, ధర తెలిసినది, బస్తాల సంఖ్య తెలిసినది అయిన సిమెంటు లోడుకు, బిల్లు వేయడం సాధ్యం కాలేదని చెప్పడం కష్టం. వారానికి ఒక బిల్లు మీ సౌకర్యమే గానీ చట్టం ఇచ్చిన మినహాయింపు కాదు.

కొందరు దీనికి నిరంతర సరఫరా అనే వాదన తెస్తారు. ఖాతా వివరణలు లేదా చెల్లింపులు విడతలవారీగా ఉండేటట్లు ఒప్పందం ఉన్నప్పుడు, ఆ వివరణ ఇచ్చే సమయానికి లేదా చెల్లింపు అందే సమయానికి ఇన్‌వాయిస్ వేయవచ్చని సెక్షన్ 31లోనే ఉన్న మాట నిజమే. అయితే అది చట్టం నిర్వచించిన ‘నిరంతర సరఫరా’ కావాలి, దానికి ఒప్పందం ఉండాలి. నోటి మాట మీద కాంట్రాక్టర్ ఫోను చేసినప్పుడల్లా పంపే లోడులు ఆ కోవలోకి వస్తాయని నేను మీకు భరోసా ఇవ్వను. మీ లాంటి వ్యాపారానికి శుభ్రమైన దారి ఒక్కటే: ప్రతి లోడుకూ బిల్లు. ఆర్డర్ నుంచి బిల్లు, బిల్లు నుంచి ఈ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసిన బిల్లు), దానితోపాటు ఈ-వేబిల్లు. ఇలా చేస్తే డెలివరీ నోట్ దశే ఉండదు, ట్రాకింగ్ నంబరు మరచిపోయే ప్రమాదం కూడా ఉండదు. పార్టీకి వారానికొకసారి లెక్క కావాలంటే ఖాతా స్టేట్‌మెంట్ ఇవ్వండి, కలిపి వేసిన బిల్లు కాదు.

ఒకే యంత్రాన్ని విడి భాగాలుగానో, ఒకే పెద్ద సరుకును విడతలుగానో పంపేటప్పుడు వేరే పద్ధతి ఉంది. మొదటి లోడు బయలుదేరకముందే పూర్తి ఇన్‌వాయిస్ వేసి, తరువాతి లోడులకు ఇన్‌వాయిస్‌ను ప్రస్తావిస్తూ చలాన్లు వేసి, ప్రతి లోడుతో ఇన్‌వాయిస్ ధ్రువీకృత ప్రతిని పంపి, అసలు ఇన్‌వాయిస్‌ను చివరి లోడుతో పంపాలి. గమనించారో లేదో, ఇక్కడ వరుస తిరగబడింది. ఇన్‌వాయిస్ నుంచి చలాన్లు పుడతాయి. మీరు హోటళ్ళకు పెద్ద మొత్తంలో టైల్స్ పంపేటప్పుడు ఈ నియమం మీకు వర్తిస్తుందా అన్నది మీ ఆడిటర్‌తో ముందే మాట్లాడి ఉంచుకోండి.

ఈ-వేబిల్లు గురించి ఒక్క మాట. 50,000 రూపాయలు దాటిన సరుకు కదలాలంటే అది తీయాలి, దానిలో ఏ పత్రం మీద సరుకు వెళుతోందో రాయాలి. చలాన్ మీద తీసిన ఈ-వేబిల్లుకూ, ఆ తరువాత వేరే నంబరుతో వేసిన బిల్లుకూ జత కుదరదు; జీఎస్టీ శాఖ వారు ఈ-వేబిల్లుల మొత్తాన్ని మీ జీఎస్టీఆర్-1తో (అమ్మకాల రిటర్నుతో) పోల్చినప్పుడు ప్రతి తేడాకూ మీరు కాగితాలు చూపవలసి వస్తుంది.

ప్రొఫార్మా ఇన్‌వాయిస్ (సరుకు పంపకముందే ఇచ్చే ముందస్తు బిల్లు నమూనా) సంగతి కొంత వేరు. పార్టీలు బ్యాంకు రుణం కోసమో, ముందస్తు సొమ్ము మంజూరు కోసమో దాన్ని అడుగుతారు. పేరులో ఇన్‌వాయిస్ ఉన్నా జీఎస్టీ దృష్టిలో అది ఇన్‌వాయిస్ కాదు. దాని మీద కొనుగోలుదారుకు ఐటీసీ (కొనుగోలు మీద కట్టిన పన్నును తన పన్నులోంచి తగ్గించుకునే సౌకర్యం) రాదు, మీరు రిటర్నులో చూపనక్కరలేదు. అందుకే దానికి బిల్లుల వరుస నంబరు ఎన్నడూ ఇవ్వకూడదు. వేరే వోచర్ రకం, వేరే వరుస, వేరే ముందు అక్షరాలు పెట్టండి. ప్రొఫార్మా మీద పార్టీ 2 లక్షలు ముందుగా పంపితే, సరుకు అమ్మే మామూలు నమోదిత వ్యాపారి ఆ ముందస్తు సొమ్ము మీద అప్పటికప్పుడు పన్ను కట్టనక్కరలేదు. 2017 నవంబరు 15 నాటి 66/2017 నోటిఫికేషన్ నుంచి ఈ వెసులుబాటు ఉంది. సేవలకు ఇది లేదు. టైల్స్ వేసే పని కూడా మీరే ఒప్పుకుని దానికి విడిగా ముందస్తు తీసుకుంటే, రసీదు వోచర్ ఇచ్చి పన్ను కట్టాలి.

ప్రొఫార్మా నుంచి బిల్లు తయారైనప్పుడు చాలామంది గమనించనిది, ఆ 2 లక్షలు బిల్లుతో పాటు రావడం లేదన్న సంగతి. రసీదు వేసేటప్పుడు బిల్లువారీ వివరాల్లో ‘అడ్వాన్స్’ అని ఒక పేరు పెట్టి, బిల్లు వేసేటప్పుడు ‘ఎగైనెస్ట్ రిఫరెన్స్’ కింద ఆ పేరునే ఎంచుకోవాలి. ‘ఆన్ అకౌంట్’ అని వదిలేస్తే మొత్తం మీద ఖాతా సరిగానే ఉంటుంది, కానీ బకాయి బిల్లుల జాబితాలో ఆ బిల్లు పూర్తిగా కట్టనట్లే నిలబడి ఉంటుంది. వసూలుకు వెళ్ళిన మీ మనిషి, సొమ్ము కట్టేసిన పార్టీని మళ్ళీ అడుగుతాడు.

ఇక 28 శాతం బిల్లు. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకు ముందు వేసిన కొటేషన్లూ ఆర్డర్లూ ఆ తేదీ తరువాత బిల్లులుగా మారినప్పుడు, పాత కాగితంలోని పన్ను కొత్త కాగితంలోకి వచ్చేసే ప్రమాదం ఉంది, ముఖ్యంగా ఎవరైనా వోచర్‌లోనే రేటును చేత్తో మార్చి ఉంటే. రేటు మారినప్పుడు ఏది వర్తిస్తుందో సెక్షన్ 14 చెబుతుంది. సరుకు అందిన తేదీ, ఇన్‌వాయిస్ తేదీ, చెల్లింపు తేదీ ఈ మూడూ చూడాలి. మీ ఉదాహరణలో సరుకు, బిల్లు రెండూ 22 తరువాతవే కాబట్టి 18 శాతమే పడాలి, కొటేషన్ ఎప్పటిదన్న దానితో పని లేదు. టాలీలో సిమెంటు ఐటమ్ మాస్టర్ తెరిచి కొత్త రేటును అమలు తేదీతో సహా చేర్చండి. పాత రేటును చెరిపి దాని చోట కొత్తది రాయకండి. అలా చేస్తే ఆగస్టు బిల్లును ఏ కారణం మీదైనా తెరిచి మళ్ళీ సేవ్ చేసినప్పుడు దాని పన్ను మారిపోవచ్చు.

పన్ను కలిపి చెప్పిన ధర ఇంకో మెలిక తెస్తుంది. బస్తాకు పన్నుతో కలిపి 384 రూపాయలని కొటేషన్ ఇచ్చారనుకోండి. అందులో సరుకు విలువ 300, పన్ను 84. రేటు 18 అయినప్పుడు అదే 300 మీద బస్తా 354కు రావాలి. కానీ కొటేషన్‌లో పన్నుతో కలిపిన ధర ఉండి, అది బిల్లులోకి యథాతథంగా వచ్చేస్తే, సాఫ్ట్‌వేర్ 384ను 18 శాతంతో వెనక్కు లెక్కించి సరుకు విలువను 325 రూపాయల 42 పైసలుగా చూపుతుంది. పన్ను తగ్గిన లాభం మీ జేబులోకి వెళ్ళినట్లు కాంట్రాక్టర్‌కు కనిపిస్తుంది. ఆయన అడగడం న్యాయమే. కొటేషన్లు ఎప్పుడూ పన్ను వేరుగా చూపి, ‘బిల్లు నాటి రేటు ప్రకారం పన్ను అదనం’ అని రాసి ఇస్తే ఈ తగాదా రాదు.

పాత కాగితం నుంచి కొత్త కాగితంలోకి వచ్చే గడుల్లో నేను పన్ను రేటు తరువాత అంత జాగ్రత్తగా చూసేది సరఫరా స్థలం, అంటే ఏ రాష్ట్రంలో సరఫరా జరిగినట్లు లెక్కో తేల్చే గడి. విజయవాడకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే మీ పార్టీల్లో సగం మంది నమోదు హైదరాబాదులో, సైటు కృష్ణా జిల్లాలో ఉంటుంది, లేదా దానికి తిరగబడి ఉంటుంది. కొటేషన్ హైదరాబాదు కార్యాలయం పేరున, తెలంగాణ కోడ్ 36తో వేసి ఉంటారు. సరుకు దిగేది కోడ్ 37 ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో. పార్టీ చెప్పిన మూడో వ్యక్తికి సరుకు అందించినప్పుడు సరఫరా స్థలం ఆ పార్టీ ప్రధాన వ్యాపార స్థలమే అవుతుంది. అదే సరుకు పార్టీ తన సొంత సైటులో తానే దింపుకుంటే లెక్క మారిపోతుంది. ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల పన్ను) వేయవలసిన చోట సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం లోపలి అమ్మకాల పన్నులు) పడినా, దానికి వ్యతిరేకంగా జరిగినా పార్టీ ఐటీసీకి ముప్పు. సరుకు ఎవరికి, ఎక్కడ దింపుతున్నారో బిల్లు వేసే రోజున మళ్ళీ అడిగి తెలుసుకోండి, కొటేషన్ నాటి చిరునామాను నమ్మవద్దు. తేదీ కూడా అంతే: నకలు తీసిన వోచర్‌లో పాత తేదీ నిలిచి ఉంటే బిల్లు గడిచిన నెలలోకి వెళ్ళి, అప్పటికే వేసిన రిటర్నుకూ పుస్తకాలకూ తేడా వస్తుంది. మీ టర్నోవరు 5 కోట్లు దాటింది కాబట్టి హెచ్‌ఎస్‌ఎన్ (సరుకు వర్గీకరణ కోడ్) 6 అంకెలు ఉందో లేదో ఒకసారి మాస్టర్‌లోనే చూసుకుంటే చాలు, ప్రతి బిల్లుకూ చూడనక్కరలేదు.

నంబర్ల ఖాళీల విషయానికి వస్తే, రూల్ 46 ఇన్‌వాయిస్ నంబరు వరుసగా ఉండాలని, 16 అక్షరాలు మించకూడదని, ఆర్థిక సంవత్సరంలో మళ్ళీ రాకూడదని చెబుతుంది. జీఎస్టీఆర్-1లో 13వ పట్టికలో ఏ నంబరు నుంచి ఏ నంబరు వరకు వేశారు, వాటిలో ఎన్ని రద్దు చేశారు అని రాయాలి. వోచర్ రకం మార్చినప్పుడు దాని పాత నంబరు పాత వరుసలోంచి జారిపోతుంది. తుడిచేసినప్పుడు కూడా అంతే. టాలీలో ఆల్ట్+డి తుడిచేస్తుంది, ఆల్ట్+ఎక్స్ రద్దు చేస్తుంది. రద్దు చేసిన వోచర్ నంబరుతో సహా వరుసలో ఉండిపోతుంది, కాబట్టి పొరపాటు బిల్లుకు ఎప్పుడూ ఆల్ట్+ఎక్స్ మాత్రమే వాడాలి. దీనికంటే ప్రమాదకరమైనది వోచర్ నంబరింగ్ అమరిక. మధ్యలో ఒక వోచర్ పోతేనో, చేరితేనో మిగతావాటి నంబర్లన్నీ జరిగిపోయే అమరిక ఒకటి ఉంది. పార్టీ చేతిలో 145 నంబరు బిల్లు ఉంటే మీ పుస్తకంలో అది 144 అయి కూర్చుంటుంది. టాలీ ప్రైమ్ 3.0 నుంచి అసలు నంబరునే నిలుపుకునే అమరిక వచ్చింది. మీ సేల్స్ వోచర్ రకం తెరిచి, ఆ అమరిక ఉందో లేదో ఈ రోజే చూడండి.

బిల్లు దశ దాటిన తరువాత వెనక్కు మార్చడం అన్నది లేదు. ‘ఈ బిల్లును మళ్ళీ చలాన్ చేయండి’ అని పార్టీ అడుగుతుంది, అకౌంటెంట్ చేసేస్తాడు. అక్కడ చిక్కు మొదలవుతుంది. మీకు ఈ-ఇన్‌వాయిస్ వర్తిస్తుంది, 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు దాటిన వారందరూ నమోదిత పార్టీలకు వేసే బిల్లులకు ఐఆర్‌ఎన్ (పోర్టల్ ఇచ్చే ఇన్‌వాయిస్ నమోదు నంబరు) తీయాలి. ఐఆర్‌ఎన్‌ను పోర్టల్‌లో 24 గంటల లోపు రద్దు చేయవచ్చు. అలా రద్దయిన బిల్లు నంబరుతో మళ్ళీ ఐఆర్‌ఎన్ రాదు, కొత్త నంబరు వేయాలి. ఆ గడువు దాటాక దారి క్రెడిట్ నోటే (బిల్లు మొత్తాన్ని తగ్గించే పత్రం), అది సెక్షన్ 34 కింద, అసలు బిల్లు నంబరు, తేదీ చూపుతూ వేయాలి. సరుకు తిరిగి వచ్చినా, ధర ఎక్కువ పడినా, పన్ను ఎక్కువ పడినా ఇదే. మీ 28 శాతం బిల్లుకూ ఇదే మందు: పన్ను తేడా మేరకు క్రెడిట్ నోట్ వేయండి, లేదా మొత్తం బిల్లుకు క్రెడిట్ నోట్ వేసి 18 శాతంతో కొత్త బిల్లు వేయండి. పార్టీ అకౌంటెంట్‌కు అర్థమయ్యే తీరు మొదటిదే అని నా అనుభవం, ఎందుకంటే సరుకు రెండు సార్లు తిరిగినట్లు కనిపించదు. అసలు బిల్లు పడిన ఆర్థిక సంవత్సరం ముగిసిన తరువాత వచ్చే నవంబరు 30, లేదా వార్షిక రిటర్ను వేసిన తేదీ, రెండింటిలో ముందు వచ్చేదానిలోగా క్రెడిట్ నోట్‌ను రిటర్నులో చూపాలి; పార్టీ తీసుకున్న ఐటీసీని ఆ మేరకు వెనక్కు ఇవ్వాలి. అందువల్ల క్రెడిట్ నోట్ వేసే ముందు వాళ్ళతో మాట్లాడడం మంచిది.

కొనుగోలు వైపు కూడా ఇదే వరుస: పర్చేజ్ ఆర్డర్, రసీదు నోట్ (సరుకు అందినట్లు రాసే పత్రం), పర్చేజ్ బిల్లు, అదే ట్రాకింగ్ నంబరు. అక్కడ ఒక్కటి మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ తీసుకురాలేనిది ఉంది, అది సరఫరాదారు బిల్లు నంబరు, తేదీ. ఆర్డర్ నుంచి తయారైన పర్చేజ్ వోచర్‌లో మీ ఆర్డర్ నంబరే అక్కడ మిగిలిపోతే జీఎస్టీఆర్-2బీతో (సరఫరాదారులు చూపిన బిల్లుల ఆధారంగా వచ్చే ఐటీసీ జాబితాతో) సరిపోలదు. ఆ గడిని కాగితం చూసి చేత్తో నింపాలి.

సాఫ్ట్‌వేర్ మార్పు గురించి. జోహో బుక్స్‌లో కొటేషన్ మీద ఆర్డర్‌గానో ఇన్‌వాయిస్‌గానో మార్చే బటన్ ఉంటుంది, కొటేషన్ అలాగే ఉండి దాని స్థితి మారుతుంది. కొత్త పత్రం విడిగా పుడుతుంది. ఈఆర్‌పీనెక్స్ట్ ఇంకా కట్టుదిట్టం: ఒకసారి సబ్మిట్ చేసిన పత్రాన్ని తిరగరాయనివ్వదు, రద్దు చేసి సవరించిన ప్రతిని కొత్త నంబరుతో చేయాలి, ఆర్డర్ నుంచి డెలివరీ నోట్, దాని నుంచి ఇన్‌వాయిస్ అన్న ముడి తెగదు. పద్ధతి పరంగా నాకు అది నచ్చుతుంది. కానీ అక్కడ కూడా డెలివరీ నోట్ లేకుండా ఆర్డర్ నుంచి నేరుగా ఇన్‌వాయిస్ వేసేటప్పుడు నిల్వను సవరించే గడిలో టిక్కు పెట్టకపోతే బస్తాలు తగ్గవు. టాలీలో మీకు నిల్వ ఎక్కువ తగ్గింది, అక్కడ అసలు తగ్గదు, తేడా అంతే. మీ అకౌంటెంట్‌కు టాలీ చేతికి అలవాటైనది, ఆడిటర్ కూడా టాలీ డేటానే అడుగుతారు. నేనైతే మారమని చెప్పను. దానికి బదులు టాలీలోనే వినియోగదారు హక్కులు అమర్చి, ఎంట్రీలు వేసే వ్యక్తికి సేవ్ అయిన వోచర్‌ను మార్చే హక్కు, తుడిచే హక్కు తీసేయండి. మార్పు అవసరమైతే భాగస్వాముల్లో ఒకరి పాస్‌వర్డ్‌తో జరగాలి. కంపెనీలకు 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రతి మార్పునూ నమోదు చేసే సాఫ్ట్‌వేర్ తప్పనిసరి చేశారు. మీది భాగస్వామ్య సంస్థ కాబట్టి ఆ నిబంధన మీకు వర్తించదు, అయినా ఎడిట్ లాగ్ ఉన్న టాలీ వాడితే ఎవరు ఏ రోజు ఏ వోచర్ రకం మార్చారో తెలుస్తుంది.

ఉన్న డేటాను సరిచేసే పని మొదలుపెట్టే ముందు బ్యాకప్ తీసి వేరే చోట దాచండి. రిటర్ను వేసిన నెలల్లో బిల్లు విలువ, పన్ను, తేదీ, నంబరు ఏదీ మార్చవద్దు. ఆ నెలల్లో ట్రాకింగ్ నంబరు జత చేయడం వరకే పరిమితం కండి. రిటర్నులో ఇప్పటికే తప్పు వెళ్ళి ఉంటే దాన్ని తరువాతి జీఎస్టీఆర్-1లో సవరణ పట్టిక ద్వారా గానీ క్రెడిట్ నోట్ ద్వారా గానీ సరిచేయాలి, పుస్తకంలో పాత బిల్లును నిశ్శబ్దంగా దిద్దడం ద్వారా కాదు. రకం మార్చడం వల్ల పోయిన ఆర్డర్లను మళ్ళీ సృష్టించేటప్పుడు మిగిలిన పరిమాణానికి మాత్రమే ఈ రోజు తేదీతో కొత్త ఆర్డర్ వేసి, పాత ఒప్పందం తేదీని వివరణలో రాయండి. పార్టీ వాట్సాప్‌లో పంపిన అంగీకారం ఉంటే ప్రింటు తీసి ఆ ఆర్డర్‌కు జత చేయండి. వచ్చే ఏప్రిల్ 1న కొత్త వరుసలు మొదలవుతాయి కదా, కొటేషన్‌కు, ప్రొఫార్మాకు, చలాన్‌కు, బిల్లుకు, క్రెడిట్ నోట్‌కు వేర్వేరు ముందు అక్షరాలు ఇప్పుడే నిర్ణయించుకుని, మార్చి చివరి వారంలోనే వోచర్ రకాల్లో అమర్చి ఉంచండి. సంవత్సరం, అక్షరాలు, గీతలు అన్నీ కలిపి 16 దాటకూడదన్న సంగతి అప్పుడు లెక్కపెట్టి చూసుకోండి.